కనబడే పని, కనబడే మనిషి: సహకార సాఫ్ట్‌వేర్‌లో తోటివారి ఎరుక

ఒకే గదిలో ఒకే పని మీద కూర్చున్న నలుగురికి ఒకరి సంగతి మరొకరికి తెలియడానికి ఎవరూ ప్రత్యేకించి ఏమీ చెప్పనక్కరలేదు. కాగితం తిప్పిన చప్పుడు, ఫోన్‌లో పక్కవారు ఎత్తిన గొంతు, బల్ల మీద తరిగిపోతున్న ఫైళ్ల దొంతర, తెర వంక చూస్తూ ఆగిపోయిన చెయ్యి – ఇవన్నీ పని సాగుతుండగా దానంతటదే బయటపడే సమాచారం కనుక, కావలసినవారి కంటికి ఆనుతుంది, అక్కరలేనివారికి అడ్డురాదు. అదే నలుగురు నాలుగు ఊళ్లలో నాలుగు తెరల ముందు కూర్చున్నప్పుడు ఈ సమాచారం దాదాపు మొత్తం పోతుంది. ఒకరు చేసిన పని ఫలితం మరొకరికి అందుతుంది తప్ప, ఆ పని జరుగుతున్న తీరు అందదు. పోయినదాన్ని సాఫ్ట్‌వేర్ ఎంతవరకు తిరిగి సమకూర్చగలదు, సమకూర్చే క్రమంలో గదిలో లేని ఏ కొత్త ఇబ్బందులను తెచ్చిపెడుతుంది అన్న ప్రశ్న చుట్టూ సుమారు నలభై ఏళ్లుగా ఒక పరిశోధన సంప్రదాయం పెరుగుతూ వచ్చింది.

కంప్యూటర్ ఆసరాతో సాగే సహకార పనిని అధ్యయనం చేసే ఈ రంగానికి 1984లో ఐరీన్ గ్రీఫ్, పాల్ క్యాష్‌మన్ పేరు పెట్టగా, సీఎస్‌సీడబ్ల్యూ అన్న పొడి అక్షరాలతో వ్యవహారంలోకి వచ్చిన దాని మొదటి బహిరంగ సదస్సు 1986లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో జరిగింది. తోటివారి ఎరుక అన్న భావనకు ఈ రంగంలో స్థిరమైన రూపం ఇచ్చింది 1992లో పాల్ డౌరిష్, విక్టోరియా బెలోటీ ప్రచురించిన పత్రం. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జిరాక్స్ సంస్థ నడిపిన యూరోపార్క్ పరిశోధనశాలలో పనిచేసిన వీరి దృష్టిలో ఎరుక అంటే ఇతరులు ఏం చేస్తున్నారో తెలిసి ఉండడం మాత్రమే కాదు, ఆ తెలివిడి తన పనికి సందర్భంగా ఉపయోగపడడం. ఎవరు ఏం చేశారో వారే వేరుగా రాసి తెలియజేసే పద్ధతినీ, పాత్రలను ముందే పంచి ఎవరు ఏం చేయగలరో దాన్నిబట్టి ఊహించుకోమనే పద్ధతినీ పక్కన పెట్టి, ఉమ్మడి పత్రం మీద జరిగే పని నుంచే సమాచారాన్ని సాఫ్ట్‌వేర్ స్వయంగా సేకరించి అందరికీ చూపే మూడో పద్ధతిని వారు సమర్థించారు. వారి వాదనకు అంతకు నాలుగేళ్ల ముందే జొనాథన్ గ్రూడిన్ ఒక బలమైన పునాది వేశాడు: బృందాల కోసం తయారైన సాఫ్ట్‌వేర్ విఫలం కావడానికి ముఖ్య కారణం అదనపు చాకిరీ ఒకరి నెత్తిన, దాని లాభం మరొకరి చేతిలో పడడమేనని అతడు 1988లో చూపించాడు. రోజూ సాయంత్రం తాను చేసిన పనిని పట్టికలో నింపవలసిన ఉద్యోగికి ఆ పట్టిక వల్ల ఒరిగేదేమీ లేకపోతే, దానిలోని సమాచారం ఎన్నాళ్లు నిజంగా ఉంటుందో చెప్పనక్కరలేదు.

ఇంతవరకు తేలికగానే కనిపించే ఈ వాదాన్ని లోతుపరిచినవి ప్రయోగశాలలు కావు, కంట్రోల్ రూములు. లండన్ భూగర్భ రైల్వేలో బేకర్లూ మార్గాన్ని నడిపే కంట్రోల్ రూములో క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్ వీడియో చిత్రీకరణ చేసి, అక్కడి పనిని క్షణక్షణం విశ్లేషించి 1992లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ మొదట చదవవలసినదిగా నిలిచింది. రైళ్ల రాకపోకలను సరిదిద్దే కంట్రోలర్, ప్రయాణికులకు ప్రకటనలు చేసే సమాచార సహాయకుడు పక్కపక్కనే కూర్చుంటారు. డ్రైవర్‌తో కంట్రోలర్ ఫోన్‌లో మాట్లాడుతుండగానే, ఆ సంభాషణ ఇంకా ముగియకముందే, సహాయకుడు మైకు అందుకుని సంబంధిత స్టేషన్లలో ఆలస్యాన్ని ప్రకటిస్తాడు. అతడికి ఎవరూ ఆ పని అప్పగించలేదు, అతడూ ఎవరినీ అడగలేదు. అధ్యయనం తేల్చిన రెండో సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. కంట్రోలర్ టైంటేబుల్‌ను తిరగరాసేటప్పుడు తనలో తాను అనుకుంటున్నట్టు రైళ్ల నంబర్లను పైకి పలుకుతాడు. ఎవరినీ ఉద్దేశించని ఆ మాటలు పక్కవారి చెవిన పడేలా ఉంటాయి గానీ, వారి పనిని ఆపి వినమని కోరవు. అంటే ఎరుక ఒకవైపు నుంచి చూసేవాడి చురుకుదనం అయితే, మరోవైపు నుంచి చూడనిచ్చేవాడి నేర్పు. తన పనిలో ఏ భాగాన్ని, ఎప్పుడు, ఎంత గట్టిగా పైకి తేవాలో ఎంచుకునే నేర్పు.

విమానాల రాకపోకలను నియంత్రించే కేంద్రాలలోనూ ఇదే కనిపించింది. ఒక్కో విమానానికి ఒక్కో కాగితపు పట్టీ రాసి చట్రంలో వరసగా అమర్చుకునే పాత పద్ధతిని కంప్యూటర్ తెరకు మార్చే ఆలోచన నడుస్తున్న కాలంలో, బ్రిటన్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్తలు, తరువాత ఫ్రాన్స్‌లోని ఆథిస్-మోన్స్ కేంద్రంలో వెండీ మకే ఆ పట్టీల వాడకాన్ని దగ్గరగా పరిశీలించారు. ఇబ్బంది కలిగించగల విమానం పట్టీని కంట్రోలర్ వరసలోనుంచి కొంచెం పక్కకు లాగి వదులుతాడు. పక్కనున్న సహచరుడు, తరువాతి షిఫ్టులో వచ్చేవాడు దాన్ని చూడగానే పోల్చుకుంటారు. చేతిరాతను బట్టి ఆ మార్పు ఎవరు చేశారో కూడా తెలుస్తుంది. పట్టీ మీది అంకెలన్నింటినీ తెర మీదికి పొల్లుపోకుండా ఎక్కించినా, పట్టీని పక్కకు లాగే వీలును ఎక్కించకపోతే కంట్రోల్ రూముకు సగం కన్ను పోయినట్టే. ఈ అధ్యయనాలను ఆధారం చేసుకుని డెన్మార్క్ పరిశోధకుడు కెల్ ష్మిట్ 2002లో ఎరుక అన్న మాట వాడకాన్నే తప్పుబట్టాడు. దాన్ని మనిషి తలలో ఉండే ఒక స్థితిగా, తెర మీద చూపితే నిండిపోయే ఖాళీగా తీసుకుంటున్నారనీ, నిజానికి అది పనిలో భాగంగా మనుషులు ఒకరికొకరు చేసిపెట్టుకునే క్రియ అనీ అతని ఆక్షేపణ. తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను చూస్తే ఆ ఆక్షేపణకు ఇప్పటికీ పూర్తి జవాబు దొరకలేదనే చెప్పాలి.

సాఫ్ట్‌వేర్ చరిత్ర మొదలయ్యేది మాత్రం కంట్రోల్ రూముల కన్నా ఎంతో ముందు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగిల్‌బార్ట్ చేసిన ప్రదర్శనలో, సుమారు 30 మైళ్ల దూరంలోని మెన్లో పార్క్‌లో ఉన్న సహచరుడి ముఖమూ, ఇద్దరూ కలిసి చూస్తున్న పత్రమూ, ఇద్దరి పాయింటర్లూ ఒకే తెర మీద కనిపించాయి. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత, జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో కేంద్రంలో మార్క్ స్టెఫిక్ బృందం కోల్యాబ్ అన్న సమావేశ గదిని నిర్మించి, అందరి తెరల మీదా అక్షరాలా ఒకే దృశ్యం ఉండాలన్న నియమంతో పని మొదలుపెట్టింది. ఆ నియమం ఎంతోకాలం నిలవలేదు. ఒకరు పేజీని కిందికి జరిపితే అందరి పేజీలూ జరిగిపోవడం, ఒకరు తెరిచిన కిటికీ మరొకరి కిటికీని కప్పేయడం వంటి తగాదాల వల్ల, ఎవరి దృశ్యం వారికి కొంత విడిగా ఉండనివ్వక తప్పదని 1987లోనే ఆ బృందం ఒప్పుకుంది. ఒకరు మారుస్తున్న అంశం మిగిలినవారి తెర మీద బూడిదరంగుకు మారి, అది ప్రస్తుతం ఒకరి చేతిలో ఉందని చెప్పే ఏర్పాటు కూడా కోల్యాబ్‌లోనే వచ్చింది. చూపులు విడిపోయిన క్షణాన ఎరుక సమస్య అసలు రూపంలో ముందుకు వచ్చింది: ఒకరు పత్రంలో ముప్పయ్యో పేజీలో ఉండి, మరొకరు మూడో పేజీలో ఉన్నప్పుడు, ఇద్దరూ ఒకే పత్రంలో ఉన్నారన్న మాటకు అర్థం ఏమిటి?

ఈ ప్రశ్నకు అతి ఓపికగా జవాబు వెతికినవారు కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ గట్విన్, సాల్ గ్రీన్‌బర్గ్. ఉమ్మడి పనిచోటులో ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, ఎక్కడ చేస్తున్నారు అన్న వర్తమాన ప్రశ్నలనూ, అది ఈ స్థితికి ఎలా వచ్చింది, ఎవరు ఎప్పుడు మార్చారు అన్న గత ప్రశ్నలనూ వారు విడదీసి, వీటికి జవాబులు మనిషికి మూడు దారుల్లో అందుతాయని 2002 నాటి వ్యాసంలో వివరించారు. పని చేసే శరీరం కదలికల నుంచి కొంత తెలుస్తుంది; పనిముట్టూ వస్తువూ మారే తీరు నుంచి కొంత తెలుస్తుంది; ఉద్దేశపూర్వకంగా మాట్లాడడం, చూపించడం వల్ల మిగిలినది తెలుస్తుంది. కంప్యూటర్‌లో శరీరం లేదు కనుక దాని స్థానంలో మౌస్ గుర్తునే ఇతరుల తెర మీద చూపడం – టెలిపాయింటర్ అన్నది ఇదే – మొదటి దారికి ప్రత్యామ్నాయం. ఇక రెండో దారిలో ఒక చిక్కుంది. గదిలో కత్తెర పట్టుకున్న చెయ్యి కాగితం దగ్గరికి వెళ్లేటప్పుడే జరగబోయేది తెలిసిపోతుంది; తెర మీద మాత్రం ఒక బొత్తాం నొక్కగానే పేరా మొత్తం మాయమవుతుంది, చూసేవాడికి ముందస్తు సూచన ఉండదు. అందుకే తొలగింపును వెంటనే జరిపించకుండా ఒకటి రెండు క్షణాలు నిదానంగా చూపడం, మెనూ తెరిచిన సంగతిని కూడా ఇతరులకు తెలియనివ్వడం వంటి ఉపాయాలను వారు ప్రతిపాదించారు. పత్రం మొత్తాన్ని చిన్న పటంగా చూపి, అందులో ఒక్కొక్కరు చూస్తున్న భాగాన్ని ఒక్కో చతురస్రంగా గీసే రాడార్ దృశ్యం వారి పనుల్లో బాగా పేరుపొందినది. 1998లో జరిపిన ప్రయోగంలో, ఆ దృశ్యంలో తోటివారి జాడ ఉన్న జంటలు కొన్ని రకాల పనులను త్వరగా, తక్కువ మాటలతో ముగించాయి. అన్ని రకాల పనుల్లోనూ కాదు అన్న షరతును తరువాత దాన్ని ప్రస్తావించినవారిలో చాలామంది వదిలేస్తుంటారు.

చూపు విషయంలో మరో దారి తొక్కిన ప్రయోగం ఒకటుంది. జపాన్‌లోని ఎన్‌టీటీ సంస్థలో హిరోషి ఇషీ, మినోరు కొబయాషీ 1992లో తయారుచేసిన క్లియర్‌బోర్డ్, ఇద్దరూ ఒక గాజు పలకకు చెరోవైపు నిలబడి రాస్తున్నట్టు చూపేది. ఎదుటివారి కళ్లు బొమ్మలో ఏ గీత మీద నిలిచాయో కూడా అందులో తెలిసేది. నేటి వీడియో సమావేశాల్లో ముఖాలు ఒక గడిలోనూ పని మరొక గడిలోనూ ఉండిపోవడంతో ఆ సౌకర్యం వెనక్కి వెళ్లింది.

ఇంటర్నెట్ బ్రౌజర్‌లోకి ఉమ్మడి రచన వచ్చిన తరువాతనే ఈ ఆలోచనలు సామాన్యుల చేతికి అందాయి. రైట్‌లీ అన్న చిన్న సేవను గూగుల్ 2006లో కొనుగోలు చేయడం, ఎవరు రాసిన అక్షరానికి వారి రంగు అద్దే ఈథర్‌ప్యాడ్ 2008లో రావడం, 2010లో గూగుల్ డాక్స్ కొత్త ఎడిటర్ అక్షరం అక్షరంగా తోటివారి రాతను, పేరు చీటీ తగిలించిన రంగు కర్సర్లను చూపడం మొదలుపెట్టడం – ఈ వరసలో టెలిపాయింటర్ ప్రయోగశాల దాటి కార్యాలయ సామగ్రి అయింది. దీని వెనుక ఉన్న యంత్రాంగం కొంచెం ఆగి చూడదగినది. ఇద్దరు ఒకేసారి చేసిన మార్పులు చివరికి అందరి దగ్గరా ఒకే పాఠంగా కుదరడానికి, ఒక మార్పును మరొక మార్పు వెలుగులో సవరించే పద్ధతిని క్లారెన్స్ ఎలిస్, సైమన్ గిబ్స్ 1989లో ప్రతిపాదించారు. మార్పులు ఏ వరసలో అందినా ఒకే ఫలితానికి చేరేలా సమాచార నిర్మాణాన్నే రూపొందించే సీఆర్‌డీటీ అన్న పద్ధతికి 2011లో మార్క్ షపీరో బృందం శాస్త్రీయ రూపం ఇచ్చింది. తోటివారి కర్సర్‌ను సరైన చోట చూపడానికి కూడా ఇవే ఆధారం: కర్సర్ నూరో అక్షరం దగ్గర ఉందని గుర్తుపెట్టుకుంటే, పైన ఎవరో పది అక్షరాలు చేర్చగానే అది తప్పుచోటికి జారుతుంది, కనుక అంకెకు బదులు పక్కనున్న అక్షరం గుర్తింపుతో దాన్ని ముడివేస్తారు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన నిర్ణయం దాగి ఉంది. పత్రంలోని పాఠం శాశ్వతం, దాని ప్రతి మార్పూ చరిత్రలో నిలుస్తుంది; ఎవరి కర్సర్ ఎక్కడుంది అన్నది మాత్రం క్షణికమైన సమాచారంగా వేరే దారిలో ప్రయాణిస్తుంది. ఉమ్మడి ఎడిటర్ల నిర్మాణానికి వాడే వైజేఎస్ అన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ క్షణిక భాగానికి ఎరుక అన్న అర్థమిచ్చే పేరే ఉంది. ముప్పై సెకన్లపాటు కొత్త కబురు రాని మనిషిని అది జాబితా నుంచి తొలగిస్తుంది, ఏదీ దాచిపెట్టదు. ఇంజినీర్లు సర్వర్ మీద భారం తగ్గించుకోవడానికి చేసిన ఈ విభజన మనుషులకు మేలు చేసింది. చెయ్యి ఎక్కడ తచ్చాడిందో, ఏ వాక్యం మీద ఎంతసేపు ఆగిందో గదిలో ఎవరూ నమోదు చేయరు, ఇక్కడా నమోదు కాదు.

అయినా కనబడడం అందరికీ ఇష్టమైన పని కాదు. డాకువో వాంగ్, హవోడాన్ టాన్, తున్ లూ 2017లో ప్రచురించిన పరిశోధన, కలిసి రాసే వీలు చేతిలో ఉన్నవారు కూడా ఒకే సమయంలో కలిసి రాయడానికి వెనకాడుతున్నారని చూపింది. సగం తోచిన వాక్యాన్ని, తప్పటడుగును, మూడుసార్లు కొట్టేసిన మాటను ఇతరులు చూస్తున్నారన్న భావన వల్ల రచయితలు వేరే చోట చాటుగా రాసుకుని, పూర్తయిన పేరాను తెచ్చి ఉమ్మడి పత్రంలో అతికిస్తుంటారు. కంట్రోలర్ తన గొంతును హెచ్చించుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. రంగు కర్సర్‌కు అలాంటి మెట్లు లేవు, ఉంటే ఉంది లేకుంటే లేదు. ష్మిట్ ఎత్తిచూపిన లోపం ఇదే: చూసేవాడి వైపు ముప్పై ఏళ్లు మెరుగులు దిద్దిన సాఫ్ట్‌వేర్, చూడనిచ్చేవాడి వైపు పెద్దగా పట్టించుకోలేదు.

కాలం తేడాతో సాగే సహకారంలో ఈ లోపం అంతగా బాధించదు, ఎందుకంటే అక్కడ కనబడేది మనిషి కాదు, అతడు వదిలిన జాడ. విల్ హిల్, జేమ్స్ హోలన్, వారి సహచరులు 1992లో, ఎక్కువసార్లు చదివిన లేదా దిద్దిన పుస్తకపు పుట నలిగినట్టే కంప్యూటర్ పత్రంలోనూ అరుగుదల కనబడాలని ఊహించి, పక్కపట్టీ మీద చిన్న గీతలుగా ఆ గుర్తులు వేయించారు. వికీపీడియా ఇదే సూత్రాన్ని ప్రపంచమంత పెద్ద స్థాయిలో పాటించింది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో ఒకరినొకరు ఎన్నడూ చూడని రచయితలకు ఇటీవలి మార్పుల పట్టిక, తాము ఎంచుకున్న వ్యాసాల మీద కన్నేసి ఉంచే వీక్షణ జాబితా, ప్రతి వ్యాసానికీ ఉండే చర్చ పేజీ, అందరికీ ఉమ్మడి అయిన రచ్చబండ – ఇవే గది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాల పుటలను అచ్చుదిద్దే పద్ధతి ఇంకా పొదుపైనది. స్కాన్ చేసిన ప్రతి పుటకూ దాని స్థితిని తెలిపే రంగు ఉంటుంది. దిద్దని పుట ఎర్రగా, ఒకరు దిద్దినది పసుపుగా, మరొకరు సరిచూసినది ఆకుపచ్చగా పుస్తకం సూచికలో కనబడతాయి. దిద్దినవారే తమ పుటను ఆకుపచ్చకు మార్చలేరు, రెండో మనిషి కావాలి. దిద్దిన పుటను భద్రపరిచేటప్పుడు ఒక గుర్తు ఎంచుకోవడం తప్ప ఎవరూ వేరే నివేదిక రాయనక్కరలేదు. రంగుల వరస చూసి, ఎక్కడ చేయి వేయాలో కొత్తగా వచ్చినవారికి కూడా అర్థమవుతుంది. గ్రూడిన్ చెప్పిన లాభనష్టాల తూకం ఇంత చక్కగా కుదిరిన ఉదాహరణలు అరుదు.

సాఫ్ట్‌వేర్ రాసేవారి పనిలో ఈ కథ ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. 1980లలో వాడుకలోకి వచ్చిన ఆర్‌సీఎస్ వంటి వ్యవస్థల్లో ఒక ఫైలును దిద్దదలచినవారు దానికి తాళం వేసుకునేవారు. పని ఆగిపోతోందని ఆ తాళాన్ని అందరూ తిట్టుకున్నా, ఫైలు ఎవరి చేతిలో ఉందో దాన్నిబట్టి అందరికీ తెలిసేది. ఒకేసారి పలువురు దిద్ది తరువాత కలుపుకునే సీవీఎస్, 2005లో వచ్చిన గిట్ ఆ తాళాన్ని తీసేశాయి. దానితోపాటు ఆ తెలివిడి కూడా పోయింది. ఎవరి నకలులో వారు రోజుల తరబడి మౌనంగా పనిచేసి, చివరికి కలిపే రోజున గొడవపడే స్థితి ఏర్పడింది. ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అనితా శర్మ, ఆండ్రే వాన్ డెర్ హూక్, వారి సహచరులు 2003లో రూపొందించిన పాలంటీర్ దీనికి విరుగుడు: ఇతరుల నకళ్లలో ఏ ఫైళ్లు మారుతున్నాయో, ఆ మార్పు ఎంత పెద్దదో, తన పనితో ఎక్కడ తగలబోతోందో ముందుగానే చిన్న గుర్తులతో చెబుతుంది. గిట్‌హబ్ మరో దారిలో వెళ్లింది. ప్రతి మార్పూ, దాని మీద ప్రతి చర్చా బహిరంగంగా ఉండడం వల్ల, పరిచయం లేనివారి నైపుణ్యాన్నీ పట్టుదలనూ వారి పని చరిత్ర నుంచి వాడుకరులు అంచనా కడుతున్నారని లారా డాబిష్ బృందం 2012లో వివరించింది.

దూరం అసలు ఎంత నష్టం కలిగిస్తుందో కొలిచినవారు జేమ్స్ హెర్బ్స్‌లెబ్, ఆడ్రిస్ మోకస్. లూసెంట్ సంస్థ ప్రాజెక్టులలో, పలు కేంద్రాల మధ్య నడిచిన మార్పు ఒకే కేంద్రంలో నడిచిన మార్పు కన్నా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ కాలం పట్టిందనీ, దానికి ముఖ్యమైన కారణం ఎక్కువమంది చేతులు కలపవలసి రావడమేననీ వారు తేల్చారు. హైదరాబాద్ నుంచి అమెరికా పశ్చిమ తీరంతో కలిసి పనిచేసేవారికి ఈ లెక్క పాఠ్యపుస్తకంలోది కాదు. సియాటిల్‌లో ఉదయం 9 గంటలైనప్పుడు హైదరాబాద్‌లో వేసవి కాలాన రాత్రి 9:30, చలికాలాన 10:30 అవుతుంది. ఇద్దరి కర్సర్లూ ఒకేసారి తెర మీద ఉండే సమయమే లేనప్పుడు, ఎంత అందమైన టెలిపాయింటర్ అయినా పనికిరాదు. నిన్న సాయంత్రం నుంచి ఏం మారిందో, ఎందుకు మారిందో చెప్పే జాడే కావాలి. మార్కెట్‌లోని పనిముట్లు మాత్రం ఇప్పటికీ వర్తమానానికే పెద్దపీట వేస్తున్నాయి.

ఇంతవరకు చెప్పుకున్నదంతా పని కనబడే సంప్రదాయం. దీనికి సమాంతరంగా మనిషి కనబడే సంప్రదాయం ఒకటి నడిచింది. స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లెస్ ఎర్నెస్ట్ 1971లో రాసిన ఫింగర్ అన్న చిన్న ప్రోగ్రాం, ఎవరు కంప్యూటర్ ముందు ఉన్నారో, ఎంతసేపటి నుంచి కీబోర్డు ముట్టలేదో చెప్పేది. దానితోపాటు ప్లాన్ అన్న ఫైలులో తన ఆచూకీనీ తలపెట్టిన పనినీ ఎవరికివారు ఇష్టమైనట్టు రాసుకునే వీలు ఉండేది. 1996లో ఐసీక్యూ, 1997లో అమెరికా ఆన్‌లైన్ వారి సందేశ సేవ స్నేహితుల జాబితాలో వెలిగి ఆరే గుర్తును ఇంటింటికీ తెచ్చాయి. ఈ గుర్తుల వాడకాన్ని 2000లో పరిశీలించిన బోనీ నార్డీ, స్టీవ్ విటేకర్, ఎరిన్ బ్రాడ్నర్ ఒక చక్కని సంగతి గమనించారు: గుర్తు వెలుగుతున్నా మనిషి నిజంగా అక్కడ ఉన్నాడో లేదో ఎదుటివారికి ఖాయంగా తెలియదు కనుక, జవాబు ఇవ్వకపోయినా అమర్యాద కాదు. ఆ అస్పష్టతే ఇరువైపులా మర్యాదను కాపాడింది. వాట్సాప్ 2014 నవంబర్‌లో సందేశం చదివినట్టు తెలిపే నీలి టిక్కులు ప్రవేశపెట్టినప్పుడు చెరిపేసింది ఆ అస్పష్టతనే. వద్దనుకునేవారు వాటిని ఆపుకునే వీలు కల్పించక తప్పలేదు.

కార్యాలయంలో హాజరు గుర్తు మరింత బరువెక్కింది. కొన్ని నిమిషాలు మౌస్ కదలకపోతే ఆకుపచ్చ చుక్క పసుపుకు మారుతుంది. చదువుతున్నవాడు, ఆలోచిస్తున్నవాడు, కాగితం మీద బొమ్మ గీస్తున్నవాడు కూడా లేనివాడి కిందే లెక్క. మౌస్‌ను తనంతటదే కదిలించే పరికరాలు అంగళ్లలో అమ్ముడుపోతున్నాయంటే, ఆ చుక్క సహచరుల కోసం కాక పైవారి కోసం వెలుగుతోందని ఉద్యోగులు అర్థం చేసుకున్నారనే లెక్క. 2020 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ వారి ప్రొడక్టివిటీ స్కోర్ ఒక్కొక్క ఉద్యోగి సాఫ్ట్‌వేర్ వాడకాన్ని పేరుతో సహా యాజమాన్యానికి చూపుతోందని విమర్శలు రాగా, డిసెంబర్ 1న ఆ సంస్థ వ్యక్తుల పేర్లను తీసేస్తున్నట్టు ప్రకటించింది. పని నుంచి పుట్టే ఎరుక సాటివారికి చేరితే సహకారం, పని నుంచి విడదీసిన హాజరు పైవారికి చేరితే నిఘా. రెండింటికీ కావలసిన సాంకేతికత దాదాపు ఒకటే కావడం వల్లనే ఈ గీత తేలికగా చెరిగిపోతుంది.

ఈ ప్రమాదాన్ని పరిశోధకులు ముందే పసిగట్టారు. జిరాక్స్ సంస్థ 1980ల మధ్యలో పాలో ఆల్టో, పోర్ట్‌లాండ్ కార్యాలయాలను ఎప్పుడూ తెరిచి ఉండే వీడియోతో కలిపింది. 1992లో డౌరిష్, సారా బ్లై చేసిన పోర్ట్‌హోల్స్ కాలిఫోర్నియా, కేంబ్రిడ్జ్ గదుల చిన్న బొమ్మలను కొన్ని నిమిషాలకోసారి తీసి అందరికీ చూపింది. ఎరుకను పెంచే కొద్దీ ఏకాంతం తరుగుతుందనీ, దృష్టి చెదురుతుందనీ స్కాట్ హడ్సన్, ఇయన్ స్మిత్ 1996లో స్పష్టంగా రాసి, ముఖానికి బదులు కదలిక నీడను, మాటకు బదులు మాట్లాడుతున్న ధ్వనిని మాత్రమే పంపే మార్గాలు సూచించారు. ఆ తరహా ఆశలకు హద్దు కూడా తెలిసింది: ఇంటి నుంచి పనిచేసేవారి వీడియోను మసకబార్చితే చాలదని, దాచవలసిన సంగతులను దాచగలిగినంత మసకలో ఎరుకకు ఉపయోగపడేది కూడా మిగలదని కార్మన్ న్యూస్టేటర్, గ్రీన్‌బర్గ్, మైకేల్ బోయిల్ 2006లో చూపించారు. ఐబీఎంలో టామ్ ఎరిక్సన్, వెండీ కెలాగ్ 2000లో వివరించిన సామాజిక అర్ధపారదర్శకత ఈ చర్చలో మధ్యేమార్గం. వారి బాబుల్ సాఫ్ట్‌వేర్‌లో సంభాషణ ఒక వృత్తం, మనుషులు అందులో రంగు చుక్కలు. మాట్లాడేవారి చుక్క కేంద్రానికి చేరుతుంది, మౌనంగా ఉన్నవారిది మెల్లగా అంచుకు జారుతుంది. ఎవరు ఎన్ని నిమిషాలు ఉన్నారన్న లెక్క అందులో లేదు, బృందం సందడిగా ఉందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఒక్క చూపులో అన్న మాట చూపు ఉన్నవారికే వర్తిస్తుంది. రంగు కర్సర్లు, చతురస్రాలు, చుక్కలు ఇవన్నీ కంటికి రాసిన భాష. తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే అంధ రచయితల అనుభవాన్ని మైత్రేయి దాస్, డారెన్ గర్గల్, ఆన్ మేరీ పైపర్ 2019లో అధ్యయనం చేసి, తోటివారు ఎక్కడ ఏం మార్చారో తెలుసుకోవడం వారికి ఎంత శ్రమో, ఆ శ్రమ తప్పించమని సహచరులను పదేపదే అడగడం సంబంధాల మీద ఎంత భారమో వివరించారు. ప్రతి మార్పునూ గొంతుతో చదివించడం పరిష్కారం కాదు, అది రాస్తున్న వాక్యాన్నే ముంచేస్తుంది. ఇక్కడ ఉపయోగపడగల పాత పని ఒకటుంది: యూరోపార్క్‌లో విలియం గేవర్ బృందం 1991లో ఊహాత్మక సీసాల కర్మాగారాన్ని ఇద్దరు వేర్వేరు గదుల నుంచి నడిపేలా చేసి, యంత్రాల లయబద్ధమైన చప్పుళ్లను వినిపించినప్పుడు, తమ కంటి ముందు లేని భాగంలోని లోపాలను కూడా వారు వెంటనే పసిగట్టారు. ఆ దారిలో ఉమ్మడి రచనకు తగిన ధ్వనులు వెతికే పని ఇటీవలే ఊపందుకుంది, వాణిజ్య ఎడిటర్లలోకి అది చేరింది తక్కువే.

తాజా చిక్కు మరోచోట ఉంది. మనిషి ఆదేశం మీద స్వయంగా ఫైళ్లు తెరిచి, చదివి, మార్చే కృత్రిమ మేధ సహాయకులు ఇప్పుడు ఉమ్మడి పనిచోటులోకి వస్తున్నారు. వారికీ పేరు, రంగు, కర్సర్ ఇవ్వడం తేలికైన నిర్ణయంగా తోస్తుంది. కానీ గట్విన్, గ్రీన్‌బర్గ్ చట్రం మనిషి వేగాన్ని ముందే ఊహించుకుంది: చెయ్యి కదిలే తీరు నుంచి ఉద్దేశం తెలుస్తుందన్న నమ్మకం, నిమిషంలో ఇరవై ఫైళ్లను తిరగరాసే ప్రోగ్రాం విషయంలో నిలవదు. అటువంటి సహచరుడి కర్సర్ ఎక్కడుందన్నది పక్కవాడికి దాదాపు పనికిరాని సమాచారం. అది ఏ ఫైళ్లను చదివింది, వేటిని చదవకుండానే మార్చింది, ఏ ఊహను నిజమనుకుని ముందుకు వెళ్లింది, ఎక్కడ తడబడి వెనక్కి వచ్చింది అన్నవే కావాలి. ప్రస్తుత పనిముట్లు వీటిని పొడవైన చిట్టాగా ఒకచోట పోసి, చదువుకునే బాధ్యతను మనిషికి వదిలేస్తున్నాయి. డౌరిష్, బెలోటీ 1992లో పక్కన పెట్టిన మొదటి పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంది. తేడా అల్లా రాసే చాకిరీ యంత్రానిది, చదివే చాకిరీ మనిషిది కావడమే.